తడి తువ్వాలు

సాయిశంకర్ ఆ టీవీని ఆటోలో వేసుకొచ్చిన రోజు గోపాలపట్నంలో వాళ్ల సందంతా అతని తండ్రి తవిటయ్య ఇంట్లోనే ఉంది. ఉండదా మరి! గోడకు తగిలించిన టీవీకి వైరు లేదు, ప్లగ్గు లేదు. కింద బల్ల మీద టిఫిన్ డబ్బా అంత తెల్ల పెట్టె ఒకటి పెట్టి, దాన్ని మాత్రం గోడ బోర్డుకు తగిలించాడు. కరెంటు అందులోంచి గాల్లో లేచి టీవీలోకి వెళుతుందట. సాయిశంకర్ పనిచేసే షాపుకు అమ్మకాలకు ముందే నమూనాగా వచ్చిన సరుకది. కొన్నాళ్లు ఎవరింట్లోనైనా వాడి చూడమని యజమాని అంటే, నాన్న ముచ్చటపడతాడని కొడుకు ఇంటికే మోసుకొచ్చాడు.

నాన్న ముచ్చటపడ్డాడు. పోర్టులో క్రేన్లు నడిపి రిటైరైన మనిషి, చిన్నపిల్లాడైపోయాడు. టీవీ వెనక చెయ్యి పెట్టి తడిమి, "సూడు బావా, ఏటీ నేదు!" అని పక్కింటి అబ్బులుకు చూపించాడు. అబ్బులు కూడా తడిమి చూసి నోరు వెళ్లబెట్టాడు.

ఆదిలక్ష్మమ్మ మాత్రం వంటింటి గుమ్మం దాటి రాలేదు. ఆవిడ కళ్లు టీవీ మీద లేవు, మొగుడి ఎడమ రొమ్ము మీద ఉన్నాయి. అక్కడ చర్మం కింద పేస్‌మేకర్ ఉంది. సెల్‌ఫోను చొక్కా జేబులో పెట్టుకోవద్దని డాక్టరు చెప్పిన మాట ఆ ఇంట్లో ఆవిడొక్కదానికే గుర్తుంది.

"జేబులో ఫోనే వొద్దన్నారు కదరా. ఇంత కరెంటు గాల్లో ఎల్తంటే మీ నాన్న గుండెలో మిషను ఆగిపోదేటి?"

"ఏటీ అవదమ్మా. కంపెనీవోల్లు అన్నీ సూసే పంపుతారు."

"ఏటీ అవదు" అన్న మాట వింటే ఆదిలక్ష్మమ్మకు ఒళ్లు మండుతుంది. మండదా? ఫ్యాక్టరీలో గ్యాసు లీకై ఇళ్ల మీద పడిన ఆ తెల్లవారుజామున ఏదో వాసనొస్తోందని ఆవిడ లేపితే తవిటయ్య అన్న మాటా అదే. "ఏటీ అవదు, పడుకో" అని అటు తిరిగి పడుకున్నాడు మహానుభావుడు. ఆవిడే తువ్వాలు బిందెలో ముంచి, ఆయన మొహానికి అదిమిపెట్టి, తిడుతూ లాక్కుంటూ మెయిన్ రోడ్డు దాకా నడిపించింది. ఎదురింటి పైడితల్లి నిద్రలోంచి మళ్లీ లేవలేదు.

కంటికి కనపడనిది గాల్లో ఉంటే తడిగుడ్డ అడ్డం పెట్టాలి. ఎవరో చెబితే విన్నది కాదది, ఆవిడ బతికి నేర్చుకున్నది. అందుకే మర్నాటి నుంచి, మొగుడు టీవీ ముందు కూర్చోగానే తువ్వాలు తడిపి, నీళ్లు పిండేసి, ఆ తెల్ల పెట్టె మీద కప్పడం మొదలుపెట్టింది.

"దానికి జొరమొచ్చిందేటే?" అని తవిటయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు.

టీవీలో బొమ్మ మాత్రం ఆగలేదు. తడిగుడ్డలోంచి కూడా దూరిపోతోందంటే ఇదెంత పొగరుబోతుదో అని ఆవిడ భయం రెట్టింపైంది. పిండడం మానేసింది. నీళ్లోడుతున్న తువ్వాలునే మడతలేసి కప్పసాగింది.

ఆ నీళ్లు ఊరుకుంటాయా? ఆదివారం మధ్యాహ్నం వైరు వెంట దిగి బల్ల కిందున్న బోర్డులోకి చేరాయి. ఠాప్‌మని పేలింది. చెయ్యి తువ్వాలు మీదే ఉన్న ఆదిలక్ష్మమ్మ విసిరేసినట్టు వెనక్కి పడింది. ఇల్లంతా కరెంటు పోయింది కాబట్టి ప్రాణం మిగిలింది.

"ఓలే!" అంటూ తవిటయ్య పరిగెత్తబోయాడు.

"రాకు మావా! నన్ను ముట్టుకోకు! నీ మిషను..."

ఆయన వినలేదు. తడి నేల మీద కూలబడి ఆవిడను ఒళ్లోకి లాక్కున్నాడు. ఆవిడ అరచెయ్యి కమిలి నల్లబడింది.

గదిలోంచి వచ్చిన సాయిశంకర్ కోపంతో ఊగిపోయాడు. "కరెంటు సామాను మీద నీల్లు పోత్తారేటమ్మా! పేనం పోతే?"

"మరేటి సెయ్యమంటావురా? ఆ పొద్దు మీ నాన్నని బతికించింది ఆ తడిగుడ్డే కదా. ఇంకేటుంది నా సేతిలో?" అని ఆవిడ వలవలా ఏడ్చింది.

తవిటయ్య కొడుకు వైపు చూశాడు. "నా గుండెకి ఏటీ అవదని ఎవుర్నడిగావురా?"

 సాయిశంకర్ షాపులో బొమ్మ బాగుందా అని అడిగాడు, ధరెంతని అడిగాడు. ఈ ఒక్కటే అడగలేదు.

చేతికి కట్టు కట్టించాక ముగ్గురూ అదే ఆసుపత్రిలో గుండె డాక్టరు గౌరీశ్వరి దగ్గరికి వెళ్లారు. తవిటయ్య గుండెను పరీక్ష చేసి, ప్రస్తుతానికి బాగానే ఉందని చెప్పింది. టీవీ సంగతి మాత్రం రెండోసారి చెప్పించుకుని వింది.

"నిజం చెప్పాలంటే నాకు తెలీదమ్మా. పేస్‌మేకర్ చేసినవాళ్లని కనుక్కుని చెప్తాను. అప్పటిదాకా ఈయన్ని దాని దగ్గర కూర్చోనివ్వకండి. మీరు భయపడటంలో తప్పులేదు. ఆ తడిగుడ్డ మాత్రం వద్దు, ఆయన కంటే ముందు మీరు పోతారు."

ఆదిలక్ష్మమ్మకు ఎంత ఊరట కలిగిందంటే, డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని వదల్లేదు. తెలీనిది తెలీదని చెప్పే మనిషి కోసమే ఆవిడ ఇన్నేళ్లూ చూసింది.

సాయంత్రం టీవీ మళ్లీ ఆటో ఎక్కింది. తవిటయ్యే దగ్గరుండి తాడు కడుతున్నాడు. ఆయన మొహంలో దిగులు లేకపోలేదు. అరుగు మీంచి అబ్బులు ఊరుకోలేక, "ఏటి బావా, ఆడదానికి బయపడి టీవీ పంపేత్తన్నావా?" అన్నాడు.

తవిటయ్య ముడి బిగించి, తలెత్తి చూశాడు.

"గ్యాసొచ్చినప్పుడు నాను ఏటీ అవదన్నాను బావా. అది బయపడింది. నా మాట ఇని అదీ పడుకునుంటే, ఇయ్యాల నువ్వెవుడితో మాటాడతన్నావ్?"

 ఆ ఉపకారం తవిటయ్య ఒప్పుకోగా ఆదిలక్ష్మమ్మ ఎన్నడూ విని ఎరగదు. గుమ్మంలో నిలబడి, కట్టు లేని చేత్తో కళ్లు తుడుచుకుంది.