తోటికోడలి అమరిక

ఇద్దరూ ఒకే ఇంటి కోడళ్ళు, ఒకే ప్రయోగశాలలో ఉద్యోగులు. రేడియోధార్మిక వాయువు గదిలోకి పొక్కకుండా బొగ్గు నింపిన గొట్టంలో పట్టి ఉంచడం వాళ్ళ పని. ఏ ప్రయోగానికి తగ్గ గొట్టాల అమరిక దానికి కట్టాలి, పని కాగానే విప్పేయాలి. పెద్దకోడలు ఏళ్ళ తరబడి కడుతూ, విప్పుతూ వచ్చింది. "అయ్యో, అప్పుడే విప్పేస్తున్నావా" అన్నవాళ్ళు లేరు.

చిన్నకోడలు నిన్నగాక మొన్న చేరింది. ఆమె గొట్టాన్ని నున్నగా వంచి కట్టిన మొదటి అమరికనే చూసి డైరెక్టరుగారు, "ఇది విప్పకండమ్మా, ఇలాగే ఉంచేద్దాం" అన్నారు. పెద్దకోడలికి ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది. ఇంటికెళితే అత్తగారిదీ అదే పాట. ఫోను చేసిన చుట్టాలందరికీ చిన్నదాని గొప్పే.

అసలు వాయువు వదిలేముందు లీకులు చూడాల్సింది పెద్దకోడలే. హాని చేయని హీలియం పంపి, ప్రతి అతుకు దగ్గరా దాని జాడ పట్టే పరికరం పెట్టి వెతికింది. ఒక్క తప్పు దొరికితే ఒట్టు! సరేనని సంతకం పెట్టడానికి మాత్రం చెయ్యి రాలేదు.

"మళ్ళీ చూడాలి," అంది.

"అంతా బాగానే ఉందన్నావు కదక్కా?"

"మామూలప్పుడు అందరూ బాగానే ఉంటారు. చల్లబరిచి చూస్తా."

అసలు వాయువును పట్టేటప్పుడు గొట్టాన్ని చల్లబరుస్తారు గానీ, లీకులు కూడా అలాగే చూడాలని నియమమేమీ లేదు. చిన్నదాన్ని ఇంకాస్త వేలాడదీయాలన్నదే ఆమె కోరిక. గొట్టాన్ని ద్రవ నత్రజనిలో ముంచి, హీలియం వదిలింది. కాసేపటికి పరికరం కీచుమంది. చలికి లోహం ముడుచుకుని, మూత దగ్గర అతుకు వదులైంది.

పెద్దకోడలి గుండె గంతేసింది. సంతోషంతోనే! ఆ మరుక్షణం ఇంకోటి తట్టింది. రేపు ఆ మూత ముందు కూర్చోవాల్సింది చిన్నదే కదా.

చిన్నకోడలు పాలిపోయిన మొహంతో వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "నువ్వు కాబట్టి చూశావక్కా. తోడబుట్టింది కూడా ఇంత పట్టించుకోదు."

"లేదే, నిన్ను ఏడిపిద్దామనే చూశాను," అంది పెద్దకోడలు, ఉన్నమాట.

చిన్నది పకపకా నవ్వేసింది. "నీ పరాచికాలూ నువ్వూ!"

ఇద్దరూ కలిసి అతుకు మార్చారు. ఈసారి ఎంత చల్లబరిచినా హీలియం రవ్వంతైనా బయటికి రాలేదు. అసలు వాయువు వదిలిన రోజున గదిలో రేడియోధార్మికత కొలిచే మీటరు ముల్లు కదల్లేదు. అందరూ చప్పట్లు కొట్టారు. డైరెక్టరుగారు చిన్నకోడలినే మెచ్చుకున్నారు.

తిరుగు బస్సులో చిన్నది అక్క భుజంమీద తలవాల్చి నిద్రపోయింది. ఆ గొట్టాన్ని ఎక్కడా నొక్కు పడకుండా అంత నున్నగా ఎలా వంచిందో అడగాలా, వద్దా అని పెద్దకోడలు ఇల్లు చేరేదాకా తర్జనభర్జన పడింది. అడగలేదు.