మ్రొక్కుబడి చేపలు

జ్యేష్ఠమాసాంతమున ప్రచండభానుకిరణసంతప్తమైన గగనము కాఁచిన రాగిపళ్ళెరమువలె మెఱయుచుండఁగా మద్దికుంట యను చిన్న చెఱువు నడుమ గుక్కెఁడు నీరు మాత్రము మిగిలి తక్కినదెల్ల బీటలు వాఱి యుండెను. కొంగలు సయితము డస్సి వేఁట మఱచినట్లు ఒంటికాలిపై నిలిచి యుండెను. ఆ నడిమి బురదలో మోకాలిలోఁతున దిగి వల లాగుచున్న గంగులు మొగమునను ఆ యలసటయే కానవచ్చుచుండెను.

గంగులు ఆ చెఱువును పాటకుఁ దీసికొని బొచ్చె శీలావతి చేపలను పెంచి బ్రదుకువాఁడు. రెండేండ్లుగా అతఁడు విడిచిన చేపపిల్లలనన్నిఁటిని కొఱమీనులు మ్రింగివేయుచుండెను. సర్పశిరస్సమానమైన తలయు కత్తెరవంటి దవడలును గల ఆ మత్స్యము నీరింకినను బురదలో డాఁగి గాలి పీల్చి బ్రదుకఁగలదు. గంగులు తూమునకు సన్నని వల బిగించెను. చెఱువు నెండఁగట్టెను. చేపలను చంపు ఇప్పపిండి చల్లెను. ఐనను తొలకరి కురియుటే తడవుగా కొఱమీనులు ఎచ్చటనుండియో మరలఁ గానవచ్చుచుండెను. ఈయేఁడును పిల్ల దక్కనిచో ఆలుబిడ్డలతో ఊరు విడిచి సముద్రపుఁబడవలలోఁ గూలికిఁ బోవుట తప్ప అతనికి వేఱొక త్రోవ లేకుండెను.

చెఱువుగట్టున నివసించు అనంతశయనము మాంసము ముట్టని గృహస్థుఁడు, నిత్యపూజాపరుఁడు. అతఁడు ప్రొద్దుటి జపము ముగించుకొని వచ్చి గట్టుపై నిలిచి పలుకరించెను.

"ఏరా గంగులూ, ఇంకా దొరుకుతున్నాయా?"

"దొరక్కేమండీ అయ్యగారూ! మా అత్తారి చుట్టాల్లాగా ఎన్నిసార్లు సాగనంపినా మళ్ళీ గుమ్మంలోనే ఉంటున్నాయి."

అంతలో వలలో మూరెడు కొఱమీనొకటి కొట్టుకొనెను. దాని తోఁకమొదట రంగు వెలిసిన పసుపుదారమొకటి ముడివడి యుండెను. అనంతశయనము గట్టు దిగి వచ్చి ఆ ముడిని పరికించెను. అది తన యిల్లాలు సుభద్రమ్మ వేసిన ముడి. మనుమరాలికి జ్వరము తగ్గినప్పుడు ఆమె మ్రొక్కు చెల్లించుచు ఆ చేపను నీటిలో విడిచి యుండెను.

రోగము నెమ్మదించిన యింటివారు ప్రాణమున్న చేపను కొని పసుపుదారము కట్టి మద్దికుంటలో విడుచుట ఆ యూరి యాచారము. సంతలో తక్కిన చేపలన్నియు గంపలలోనే ప్రాణములు విడువఁగా బేసినులోఁ గదలుచుండునది కొఱమీనొక్కటియే. కావున భక్తులందఱును దానినే తెచ్చి విడుచుచుండిరి. ఒక్క ప్రాణమును గాచితిమని చేతులు జోడించి యిండ్లకుఁ బోవువారి వెనుక నీటియడుగున నేమి జరుగుచుండెనో ఎవరును తలఁపరైరి.

ఆ చేప తన యింటివారు విడిచినదే యని అనంతశయనము చెప్పఁగా గంగులు తల గోఁకికొనెను.

"మావాళ్ళూ వదిలారండీ. చంటాడికి దగ్గొచ్చినప్పుడు. నేనే దగ్గరుండి మాంచి బలమైనదాన్ని ఏరి మరీ కొన్నాను."

గట్టుమీఁద వల చిక్కు తీయుచున్న అతని భార్య నూకరత్నము చుఱుకుగా తలయెత్తెను.

"ఏం, తప్పా? బతికున్నదాన్నే కదా వదలాలి! చచ్చిన శీలావతిని వదిలి లేచి ఈదమ్మా అని దణ్ణం పెట్టమంటావా?"

వారి నవ్వు ముగియకమునుపే సుభద్రమ్మ ఇత్తడిబిందెతో గట్టెక్కి వచ్చెను. ఆమె తమ్మునికి కామెరలు తగ్గెనఁట. బిందెలో కొఱమీను గిరగిరఁ దిరుగుచుండెను. గంగులు అడ్డుచెప్పలేక ప్రక్కకుఁ దొలఁగెను. అనంతశయనము ముందునకు వచ్చి ఆమె చేయి పట్టుకొనెను.

"ఏమండీ, చెయ్యి వదలండి! నలుగురూ చూస్తున్నారు."

"దీన్ని వదిలితే గంగులు పిల్లలన్నీ దీని నోట్లోకేనే."

"మరేం చెయ్యమంటారు? మొక్కుకుని తెచ్చినదాన్ని చంపమంటారా?"

అతఁడు బిందె నెత్తుకొని యింటికిఁ బోయి పెరటిలోని పెద్ద నీళ్ళగాబులో చేపను విడిచి ఎగిరిపోకుండఁ దాటాకుచాఁప కప్పెను.

తొలకరి కురిసెను. గంగులు విడిచిన పిల్లలు శ్రావణము నాటికి జానెడేసి పెరిగి సాయంసమయమున గుంపులుగా నీటిపై పొరలుచుండెను. అతఁడు ఊరు విడువలేదు. కాని మ్రొక్కు తీర్పవలసినవారెల్ల ఇప్పుడు బిందెలతో అనంతశయనము పెరటికి రాసాఁగిరి. "మీ గాబులో అయితే ఎవరికీ ఇబ్బంది లేదు కదండీ" అని నవ్వుచు విడిచి పోవుచుండిరి.

అతఁడు అన్నము వేసెను. అటుకులు వేసెను. అవి నాని యడుగున పేరుకొనెనేకాని ఒక్క చేపయు ముట్టలేదు. ప్రాణము నిలిపినవాఁడు దాని యాఁకలిని ఎవరికి విడిచిపెట్టవలెను? పూజలో ఎంత వేఁడినను తేలక ఆ మాట గంగులుతోఁ జెప్పెను. నాఁటినుండి గంగులు ప్రతి యుదయమును వలలోఁ బడిన పనికిరాని చిత్తుచేపలను ఆకులోఁ బొట్లముగట్టి పెరటిగోడపై నుంచి పోవుచుండెను.

అనంతశయనము స్నానమునకు ముందు గాబుపైని చాఁప తొలఁగించును. పొట్లము విప్పి మొగము ప్రక్కకుఁ ద్రిప్పుకొని నారాయణా యనుచు నీటిలోనికి వంచును. పసుపుదారములు గట్టిన తోఁకలు ఒక్కమాఱు నీటిని చఱచి శాంతించును. పిదప అతఁడు బావినీళ్ళతో చేతులు కడుగుకొనుచుండఁగా ఆ నల్లని తలలొక్కొక్కటియే పైకి వచ్చి నోరు దెఱచి ఇంత గాలి పీల్చి మరల మునుఁగుచుండును.