గొయ్యి తవ్వి చూశారా?

ఆకురాయిని గునపం మొన మీద ఆరుసార్లు ఆడించి, బొటనవేలితో పదును చూసుకుని, గంగులు జీపు వెనక సీటులో కాళ్లు ముడుచుకు కూర్చున్నాడు. పొద్దు ఇంకా బారెడు ఎక్కలేదు. గునపం అతని మోకాళ్ల మధ్య నిలబడి ఉంది. అది ఆఫీసుది కాదు, అతని సొంతం. కొన్నప్పుడు ఐదడుగులు. ఏటా కమ్మరి కొలిమిలో మొన సాగదీయించి, మళ్లీ నేలలో అరగదీసి, ఇప్పుడు నాలుగడుగుల చిల్లరకు దిగింది. లోతు చూసుకోవడానికి జానకొక గాటు చొప్పున దాని మీద ఆకురాయితో కోసుకున్నాడు. మనిషి సంగతీ అంతే. పనిలో చేరినప్పుడు ఛాతీ తలుపంత ఉండేది. యాభై ఎనిమిదో ఏట పక్కటెముకలు బయటినుంచే లెక్కకు దొరుకుతున్నాయి. ఇద్దరిలో ఎవరు ఎవరిని ఎక్కువ అరగదీశారో తేల్చడం కష్టం. ఏ రోజూ పని తప్పలేదు కనక బేరం మరీ నష్టం కాదని అతని లెక్క.

నేలల సర్వే ఆఫీసులో అతను గోతులు తవ్వే మనిషి. అతను చేలో ఛాతీలోతు గొయ్యి తీస్తే, ఆఫీసరు దిగి, గోడలో పొరలు కొలిచి, ఈ నేల వానల మీదే పంట ఇస్తుందో లేదో రాసుకుంటాడు. ఇరవై తొమ్మిదేళ్లలో రాసేవాళ్లు పదకొండు మంది మారారు. తవ్వేవాడు మారలేదు. పర్మనెంటు చేయిస్తానన్నవాళ్లు ముగ్గురు, ఆ మాట కూడా వాళ్లతోపాటే బదిలీ అయిపోయింది.

పన్నెండో ఆఫీసరు శాంతికుమార్. ముప్పై దాటని కుర్రాడు, అరసవల్లిలో కాపురం. డ్రైవరును తీసేశాక జీపు తనే నడుపుతాడు. చెడ్డవాడు కాదు. రోజుకి ఎనిమిది పాయింట్లు, అంటే ఎనిమిది చోట్ల నేల పరీక్ష, పూర్తి చేయాలని పైనుంచి పోరు. ఎనిమిది గోతులు తవ్వడం ఏ మనిషివల్లా కాదు కనక, నేలలోకి తిప్పే బర్మా ఒకటి ఇచ్చారు. బర్మా ఎంత దిగితే నేల అంత లోతు. మూడు నెలలుగా గంగులు గునపం ఊరికే జీపులో సవారీ చేస్తోంది.

బొబ్బిలి దాటి గంట ప్రయాణం. కొండ వాలున ఒక ఊరి గరువులు, వాన తప్ప మరో నీటిదారి లేని మెట్ట చేలు. ఆ నలభై ఎకరాలకీ కలిపి ఒక్కటే పాయింటు. అక్కడ ‘వర్షాధార పంటలకు పనికిరాదు’ అని పడితే మొత్తం నేల బీడుల జాబితాలోకి పోతుంది. జాబితాలో పడిన నేల ఏ కంపెనీకో వెళుతుందని ఊరంతా అనుకుంటున్నారు. ఎవరూ కాగితం మీద ఆ మాట చెప్పలేదు, ఎవరూ కాదనీ అనలేదు.

పాయింటు దాలమ్మ చేలో పడింది. యాభై ఏళ్ల మనిషి. ఉన్న మూడెకరాల్లో గోగు, చోళ్లు, కంది వేస్తుంది. జీపు ఆగగానే ఎదురొచ్చి, చీపురుతో ఊడ్చినట్టున్న ఒక చదును చూపించింది.

“ఇక్కడ సూడండి బాబూ. మా సేను బంగారం.”

గంగులు పిడికెడు మట్టి తీసి నలిపి, నాలుక కొసకు తాకించి ఉమ్మేశాడు. అరచేతిలో తెల్లటి గుల్ల ఒకటి మిగిలింది.

“ఒలే దాలమ్మా, నీ గరువులో నత్తలెప్పుడు కాపరమెట్టాయే?”

అది చెరువు మట్టి. నాలుగు బళ్లు తోలించి పరిచింది. దాలమ్మ తల దించుకోలేదు. “పరీచ్చకెల్లే పిల్లకి తల దువ్వి పంపమేటి మావా?”

శాంతికుమార్ నవ్వలేదు. “ఇది మోసం. రాశానంటే కేసవుతుంది, తెలుసా?” అంటూ టాబ్ పట్టుకుని, చేలో అన్నిటికన్నా ఎక్కువ రాళ్లు తేలిన దిబ్బ మీదికి నడిచాడు. అక్కడ బర్మా తిప్పమన్నాడు. గంగులు తిప్పాడు. అది రెండు జానలు దిగి, పళ్లు కొరికినట్టు చప్పుడు చేసి ఆగిపోయింది.

“రాయి. నలభై సెంటీమీటర్లు.” శాంతికుమార్ వేలు టాబ్ మీద చకచకా నడిచింది. లోతు లేదు. తేమ నిలవదు. వర్షాధార పంటలకు పనికిరాదు.

“అయితే నాలుగు బళ్ల మట్టి తోలించి నలబయ్యెకరాలు ముంచినానేటి?” అంది దాలమ్మ.

గంగులుకి ఆ చప్పుడు తెలుసు. రాయి అయితే వెనక్కి తంతుంది, మోచేయి జివ్వుమంటుంది. ఇది గులక పొర, కరకరమని పక్కకు జరుగుతుంది. ఇరవై ఆరేళ్ల కిందట, పనిలో చేరిన మూడో ఏట, రామతీర్థం దగ్గర తన సొంత ఊరి గరువులో ఇదే చప్పుడు విన్నాడు. “చాలు,” అన్నాడు అప్పటి ఆఫీసరు. కొత్త పని, ఇంట్లో కడుపుతో ఉన్న పెళ్లాం. చాలన్నచోట ఆపేశాడు. ఆ గరువు చుట్టూ ఇప్పుడు ప్రహరీ ఉంది, లోపల తుమ్మచెట్లు తప్ప ఏమీ లేవు. ఆ గొయ్యి తవ్వింది తనేనని పెళ్లాం పార్వతికి ఈనాటికీ చెప్పలేదు. పదకొండు వందల గోతులు తవ్విన మనిషికి లెక్కలో కొట్టెయ్యడానికి వీల్లేకుండా మిగిలింది ఆ ఒక్కటే.

అతను శాంతికుమార్ భుజం మీదుగా టాబ్‌లోకి చూశాడు. చదువు అంతంతమాత్రమే గాని ఆ ఫారం గడులు కంఠతా వచ్చేశాయి. రాయి అని రాసిన వెంటనే ‘గొయ్యి తవ్వి చూశారా?’ అని ఒక ప్రశ్న వస్తుంది. ‘లేదు’ నొక్కితే ఫారం ముందుకు కదలదు. శాంతికుమార్ ప్రతిసారీ నొక్కినట్టే ‘అవును’ నొక్కేసి ఉన్నాడు.

“బాబూ, అవునని నొక్కీసినారు.”

“అయితే?”

“అయితే గొయ్యుండాల కదా.”

“ఇంకా ఏడు పాయింట్లున్నాయి గంగులూ. జీపెక్కు.”

“తమరు నీడన కూకోండి. ఆ మాట నిజం సేసీది నాను.”

“ఎక్కమంటున్నాను.”

“ఇన్నాను బాబూ,” అని గంగులు జీపులోంచి గునపం దింపాడు.

శాంతికుమార్ కోపంగా జీపు వైపు నడిచాడు. అప్పటికే దాలమ్మ ముందు చక్రానికి జారబడి కాళ్లు చాపుకుని ఉంది. “ఈ నీడ బాగున్నాది బాబూ. గొయ్యి అయినాక లేస్తాను.”

గొయ్యికి ఒక పద్ధతి ఉంది. ఎండ పడే గోడ నేలకి ముఖం. దాని మీద అడుగు పెట్టకూడదు, ఆ వైపు మట్టి పోయకూడదు. ఎదుటి వైపు మెట్లు కొట్టాలి. పని ముగిసే వేళకు పొద్దు ఎటు తిరుగుతుందో లెక్కేసి, గంగులు ముఖానికి తూర్పు గోడ ఎంచుకున్నాడు. మొదటి గంటలో రెండు జానలు దిగాడు. తరవాత గులక పొర తగిలింది. గునపం వేసినప్పుడల్లా నిప్పురవ్వ లేచింది. అరచేతుల్లో పాత కాయలు చిట్లి, పట్టుకున్న చోట ఇనుము తడిసింది. ఒక్క జాన పొరకు రెండు గంటలు పట్టింది. మధ్యలో దాలమ్మ చోడంబలి, ఉల్లిపాయ తెప్పించింది. తను లేస్తే జీపు కదిలిపోతుందని భయపడి, పక్క చేలో మనిషిని కేకేసి ఇంటికి పంపింది. శాంతికుమార్ మొదట వద్దన్నాడు. రెండోసారి అడిగితే గ్లాసు అందుకుని గటగటా తాగేశాడు.

ఒంటిగంట వేళ గునపం చప్పుడు మారింది. కరకర ఆగిపోయి, మెత్తగా దిగి, నేల దాన్ని పట్టుకుంది. బలంగా లాగితే మొనకు నల్లటి బంకమట్టి అంటుకొచ్చింది. మే నెల. చినుకు పడి నాలుగు నెలలైంది. మట్టి చల్లగా, తడిగా ఉంది. గంగులు ఇంకో రెండు జానలు తవ్వాడు, మొత్తం బంకే.

“బాబూ, ఓపాలి రండి.”

శాంతికుమార్ మెట్ల మీదుగా దిగాడు. గోడలో చిటికెన వేలంత వేరు ఒకటి కనిపించింది, నిరుటి కందిది. గులకరాళ్ల సందులు వెతుక్కుంటూ వంకరలు తిరిగి దిగి, బంకలో కుచ్చులా పరుచుకుంది.

“దీనికి బర్మా నేదు బాబూ. ఎలగ దిగినాదో తమరే అడగండి.”

సంతలో బస్తా అమ్మేవాడు మంచి గింజ పైన పోసి తాలు అడుగున దాస్తాడు. ఈ నేల తాలంతా పైన పోసుకుని గింజ అడుగున పెట్టుకుంది. అలాంటి సరుకు చూసి పోయేవాడికి తెలియదు, బస్తా ఎత్తినవాడికే తెలుస్తుంది.

శాంతికుమార్ చిటికెడు బంక తీసి వేళ్ల మధ్య రిబ్బనులా సాగదీశాడు. అది తెగలేదు. టేపు తెచ్చుకోవడం మానేసి మూడు నెలలైంది. “గునపం ఈ గోడకి ఆనించి పట్టుకో,” అన్నాడు. గాట్లు కనపడేలా ఫోటో తీసి, నలభై చెరిపి, నూట ఇరవై కొట్టాడు. పనికిరాదు పోయి, ‘మధ్యస్థంగా అనువైనది’ వచ్చింది. ఫోటో పై ఆఫీసుకు వెళ్లిపోయింది. ఒకసారి వెళ్లినది వెనక్కి రాదు.

పైకెక్కాక అతను గంగులు ముఖం చూడకుండా అన్నాడు. “రేపట్నుంచి రావద్దు గంగులూ. ఇవాళ పాయింట్లన్నీ పోయాయి. నేను పైకి ఏదో ఒకటి చెప్పుకోవాలి.”

“గునపపోడు మాటినలేదని సెప్పండి బాబూ. నిజవే కదా.”

“గొయ్యి పూడ్చి జీపెక్కు.”

“పూడ్సను. ఎక్కను.”

శాంతికుమార్ జీపు వైపు నడిచాడు. దాలమ్మ లేచి తప్పుకుంది. జీపు దుమ్ము రేపుకుంటూ దిగిపోయింది.

గంగులు గోతిలోకి దిగి, గునపాన్ని రెండు చేతులతో ఎత్తి బంకలోకి వేశాడు. మళ్లీ పీకలేదు. “తనికీకి ఎవులైనా వస్తే గొయ్యి సూపించు. పూడ్సడానికొస్తే ముందు దీన్ని పీకమను.”

“నీ బతుకుతెరువు మావా! ఒగ్గీసి ఎలిపోతావేటి?”

“నానరిగినంత అరిగినాను. అదింకా నిలబడగల్దు.”

“ఇప్పుడింటికెల్లి ఏటి సెప్తావు?”

“మా ఆడదానికి ఇరవయ్యారేళ్ల నాటి మాటొకటి సెప్పాల,” అన్నాడు గంగులు. తువ్వాలు దులిపి తలకు చుట్టుకుని, కాలిబాట పట్టి కొండ వాలున దిగిపోయాడు. వెనక్కి చూడలేదు.

గోతి అడుగున, రెండో గాటు దాకా నల్లమట్టిలో దిగి, గునపం నిటారుగా నిలబడి ఉంది. ఇరవై తొమ్మిదేళ్లు రెండు చేతులు పట్టిన చోట ఇనుము పడమటెండకు అద్దంలా మెరుస్తోంది.