కస్మాది తొట్టిలో గౌరామి

పెకలోంగన్ తీరం మొత్తం గాలించినా, కస్మాది తొట్టిలో ఉన్నంత పెద్ద గౌరామి చేప ఇంకెక్కడా ఉండేది కాదు. మేకంత ఉండేది. అది ఒళ్ళు విరిస్తే వంటింట్లో గిన్నెలు కదిలేవి.

సరే, మేక అన్నాను గాని, కోడిపుంజు అనుకోండి. తూకం వేసినవాడెవడూ లేడు కాబట్టి కోడి దగ్గర ఆగుదాం. ఎంతదైనా, అది కస్మాది భార్య రుమియా పెంచిన చేప. వేలెడంత పిల్లను తెచ్చి, పెరట్లో సిమెంటు తొట్టిలో వదిలి, రోజూ చేమాకు చింపి చేత్తో తినిపించింది. రుమియా పోయాక కస్మాది ఆకు పట్టుకుని వెళ్తే, అది పైకి వచ్చి, ఆ చెయ్యి ఆమెది కాదని కాసేపు ఆగి, అప్పుడు తినేది.

ఆ ఏడు తొట్టికి పెట్టే కాలువ నీళ్ళు మరీ చెడ్డాయి. ఎగువ వీధుల్లోని బాతిక్ అద్దకాల రంగునీళ్ళన్నీ అందులోకే. ఒక పూట ఊదా, ఒక పూట ఎరుపు. బావి నీళ్ళా, ఉప్పు. చేప ఆకు ముట్టడం మానేసింది. పైకి తేలి నోరు తెరిచేది.

సెమరాంగ్‌లో కాలేజీ ప్రయోగశాలలో పనిచేసే కూతురు తుర్సినా ఫోన్లో ఉపాయం చెప్పింది.

"పవర్ ప్లాంటు బొగ్గు బూడిదను కాస్టిక్ సోడా నీళ్ళలో రాత్రీ పగలూ కాగబెడితే జియోలైట్ అవుతుంది నాన్నా. అంతా కంటికి కనపడని చిల్లులే. నీళ్ళలో చెడును అందులోకి లాక్కుంటుంది. కానీ సోడా పోయేదాకా కడగాలి. ఆదివారం సోడా ఉందో లేదో చెప్పే కాగితం తెస్తాను, ముంచి దాని రంగు చూశాకే తొట్టిలో వెయ్యి."

"సోడా సంగతి నాకు చెబుతున్నావా? బాతిక్ గుడ్డల మైనం సోడాలో ఉడకబెట్టి వదిలించే పని చేసే నిన్ను చదివించాను. సోడా మిగిలితే సబ్బులా జారుతుంది, ఆ జారుడు ఉందో లేదో నా వేళ్ళకు తెలుసు."

"వేళ్ళు వద్దు. ఆదివారం దాకా ఆగు."

బూడిదతో ఇటుకలు చేసే వర్జోనో బస్తా తెచ్చి దించాడు. "ఏం కాంగ్ అన్నా, చేపకు బూడిద వండుతున్నావట. ఉప్పు సరిచూసుకో."

"మీ ఇంటి వంట తిని బతుకుతున్నావు కదా, ఇదేం చేస్తుందిలే."

కాచాడు, కడిగాడు, మళ్ళీ కడిగాడు. శుక్రవారం చేప ఒక పక్కకు వాలిపోయింది. ఇక ఆగలేకపోయాడు. కడిగిన బూడిద రవ్వను వేళ్ళ మధ్య నలిపి చూశాడు. జారుడు లేదు. తొట్టిలో కుమ్మరించాడు.

పొద్దున్నకు నీళ్ళు తేటపడ్డాయి. రుమియా ఉన్నప్పుడు కూడా అంత తేటగా లేవు. అడుగు కనపడుతోంది. ఆ అడుగున చేప వెల్లకిలా పడి ఉంది.

ఆదివారం తుర్సినా వచ్చింది. తొట్టిలో చెయ్యి పెట్టి, బొటనవేలితో వేళ్ళను రుద్దుకుంది. సంచిలోని కాగితం బయటికి తీయలేదు.

"నీళ్ళు బాగానే ఉన్నాయి నాన్నా. ముసలిదైంది, అంతే."

అని, కుండ దగ్గరికి వెళ్ళి చెయ్యి కడుక్కుంది. వెనక్కి రాబోయి, మళ్ళీ వెళ్ళి కడుక్కుంది.

కస్మాది అది చూశాడు. తొట్టిలో తన చెయ్యి ముంచి రుద్దాడు. ఉత్త నీళ్ళలాగే ఉంది. తడి వేళ్ళను చెంప మీద రాసుకుంటే చెంప జర్రున జారింది. సోడాలో ఉడికిన వేళ్ళు. జారుడే కాదు, వేడీ చలీ కూడా వాటికి తెలియడం ఎప్పుడు మానేసిందో అతనికి తెలియదు. రుమియా మంచం పట్టిన మొదటి రోజున నుదుటి మీద చెయ్యి వేసి, "వేడేం లేదులే, పడుకో" అన్నది ఆ చేత్తోనే.

"నాన్నా, ఏమిటి చూస్తున్నావు?"

"ఏం లేదు తల్లీ. అక్కడ మీ అమ్మకు పొద్దుపోవద్దూ, చేపను పోనీలే" అని నవ్వాడు.

ఈ చివరి మాటా, నవ్వూ నేను కల్పించాను. అతను కూతురికి కనపడకుండా ఆ చేతిని వీపు వెనక దాచుకుని, అలాగే నిలబడ్డాడు.