సమ్మన్న కుడిచెవి

స్టవ్ మీద టీ పొంగేలోపు అంబిక తన నాయిన కుడిచెవికి చెవి ఆనించి అమ్మ గొంతు వినేది. పొద్దున ఏడింటికి ఆయన గడప మీద కూర్చొని మోకాళ్లకు నూనె రాసుకుంటుంటే వెనక నుంచి వంగి వినేది. ముందుగా మూడు వేల మంది ఈలలు, డప్పు, ఎవరో తొడ చరుచుకుంటున్న శబ్దం. వాటి మధ్యలోంచి సన్నగా, కొంచెం జీరగా పూలమ్మ గొంతు: "అంబికోల్ల నాయినా, ఇడువకూ!" అది వినపడగానే పోయి స్టవ్ కట్టేసేది. టీ ఎన్నడూ పొంగిపోలేదు. తర్వాత జడ వేసుకొని, డబ్బా సర్దుకొని, బాన్సువాడ మండల ఆఫీసులో తన కంప్యూటర్ ముందుకు వెళ్లేది.

పూలమ్మ చనిపోయి ఆరేళ్లయింది. ఆమె గొంతు ఇంకెక్కడా లేదు. అంబిక రెండుసార్లు నాయిన చెవికి ఫోన్ పెట్టి రికార్డు చేసి చూసింది. పక్కింటి కోడి కూత తప్ప ఏమీ పడలేదు.

ఆ చెవి ఇరవై ఏడేళ్ల కింద మద్నూర్‌లో నలిగింది. మహారాష్ట్ర నుంచి వచ్చిన పేరుమోసిన పైల్వాన్‌తో వెండి కడెం కుస్తీ. వాడు సమ్మన్న తలను చంకలో ఇరికించుకొని నులిమితే, చెవిలో నెత్తురు కట్టి గోబి పువ్వులా ఉబ్బి మూసుకుపోయింది. ఆ చెవితోనే సమ్మన్న గెలిచాడు. జనం చప్పుడు లోపలికి పోయింది, మళ్లీ బయటికి రాలేదు. మూడు నెలల అంబికను చంకనేసుకొని, రోడ్డు పక్కన ఆగిన లారీ టైరు మీద నిలబడి పూలమ్మ అరిచిన అరుపు కూడా అందులోనే ఉండిపోయింది. దవాఖానలో డాక్టరు స్టెతస్కోపు పెట్టి విని, ఇంకోసారి విని, వాపు తగ్గడానికి మాత్రలు రాసిచ్చాడు.

ఈ వైపు కుస్తీలు కొబ్బరికాయతో మొదలై వెండి కడెంతో ముగుస్తాయి. ముందు పిల్లలు కొబ్బరికాయ కోసం పడతారు, పొద్దు గూకేముందు అసలైన జోడీ కడెం కోసం దిగుతుంది. మద్నూర్ తర్వాత పదిహేనేళ్లు సమ్మన్న ఎప్పుడూ ఆఖరి జోడీలోనే ఉన్నాడు. రైసు మిల్లులో బస్తాలు మోసి, సాయంత్రం కసరత్తు చేసి, పోయిన ప్రతిచోటా గెలిచాడు. నలభై దాటాక ఓడటం మొదలైంది. ఆయన ఆగలేదు. ఏడాదికో మెట్టు దిగుతూ, పోయినేడు నస్రుల్లాబాద్‌లో కొబ్బరికాయ కుస్తీకి దిగి, ఇంటర్ చదివే పిల్లవాడి చేతిలో వెల్లకిలా పడ్డాడు.

"తగ్గింది బిడ్డ," అన్నాడు గోవర్ధన్ ఒకరోజు అంబికను దారిలో ఆపి. పాత బస్టాండు దగ్గర ఆయనది మంగలి దుకాణం. పాతికేళ్లుగా సమ్మన్న తల ఆయన చేతిలోనే ఉంది. "ఒకప్పుడు కత్తెర పట్టుకొని పక్కన నిలబడితె చాలు, ఇనబడుతుండె. ఇప్పుడు చెవికి చెవి అంటిస్తెగాని లేదు. ఓడినప్పుడల్ల ఇంత ఇంత కారిపోతుంది."

"మద్నూర్‌ల గెలిచింది నస్రుల్లాబాద్‌ల ఓడితె పోతదా మామ? గెలిచింది గెలిచినట్టే ఉంటది గదా."

"నువ్వు నేను గట్లనే అనుకోవాలె. జనానికి ఆఖరికి చూసిందే యాదుంటది. మొన్న నా కుర్చీల కూసున్నోడు ఏమన్నడో ఎర్కేనా? 'సమ్మన్న అంటె గా ఇంటరోని కింద పడ్డాయననేనా?' అన్నడు. మద్నూర్ ముచ్చట చెప్తె నవ్విండు. నవ్వితె నవ్విండుగని, నా కత్తెర కింద తల పెట్టి నవ్విండు చూడు, గది తప్పు." గోవర్ధన్ కాసేపు తన మాటకు తనే సంతోషించి, మళ్లీ మొహం ముడుచుకున్నాడు. "ఆయనను ఆపు బిడ్డ. ఉన్నది గూడ పోతది."

అంబిక ఆ సంగతి అప్పటికే గమనించింది. పైకి ఒప్పుకోలేదంతే. ఇదివరకు వేలెడు దూరంలో వినబడే అమ్మ గొంతు కోసం ఇప్పుడు ఊపిరి బిగబట్టాల్సి వస్తోంది.

ఆ నెలలోనే బీర్కూర్ కుస్తీల కమిటీ వాళ్లు ఇంటికొచ్చారు. సమ్మన్నకు శాలువ కప్పి, దండ వేసి, కడెం ఆయన చేతుల మీదుగా ఇప్పిస్తామన్నారు. సమ్మన్న టీ తాగించి, కుస్తీ పడతానని చెప్పి పంపించాడు.

వాళ్లు వాకిలి దాటగానే అంబిక గిన్నె ఠప్పున కింద పెట్టింది. "ఇజ్జత్‌తోని పిలుస్తుండ్రు నాయినా. పొయ్యి కూసోరాదు?"

"కూసునేటందుకు గంత దూరమెందుకు? ఇంట్ల కుర్చీ లేదా?"

"జనం నవ్వుతుండ్రు."

"నవ్వని. నవ్వినా చప్పుడే గదా."

"నీకు చప్పుడు కావాలె. నాకు అమ్మ గొంతు పోతుంది! నువ్వు పడ్డప్పుడల్ల ఇంత తగ్గుతుంది. ఎర్కేనా నీకు?"

సమ్మన్న నూనె సీసాకు మూత పెట్టాడు. పెట్టి, మళ్లీ తీశాడు.

"నాకెట్ల ఎర్కైతది బిడ్డ?" అన్నాడు. "గోవర్ధన్ ఇన్నడు. పాలోడు ఇన్నడు. డాక్టర్ సాబ్ రెండుసార్లు ఇన్నడు. నువ్వు రోజు ఇంటవు. నా చెవిని నేను ఎట్ల ఇనాలె? ఆ దినం చెవి మూసుకపోయె, మీ అమ్మ ఒర్రింది నాకు తెల్వనే తెల్వదు. ఇంటికొచ్చినంక చెప్తె, చాల్తియ్, ఉత్త ముచ్చటే అన్న."

అంబిక కింద పెట్టిన గిన్నెను మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"జనం నడుమ పడితె, గా చప్పుడుల ఎక్కడన్న గసొంటి గొంతు ఇనబడుతదేమోనని పోతున్న. ఇప్పటిదాక ఇనబడలే."

ఇన్నేళ్లుగా రోజూ ఆయన తల మీదికి వంగి తను ఏం చేస్తోందో అంబికకు అప్పుడు తెలిసొచ్చింది. ఆకలితో ఉన్నవాడి కంచంలోంచే తిన్నట్టనిపించింది. అయినా పోవద్దనే అంది. ఆయన పోతాననే అన్నాడు.

బీర్కూర్‌లో కోసిన వరిమడి దున్ని, మట్టి మెత్తగా చేసి, చుట్టూ జనాన్ని కూర్చోబెట్టారు. అంబిక ఆఫీసుకు సెలవు పెట్టి బస్సులో వచ్చి, గట్టు మీద చెరుకు బండి చాటున నిలబడింది. డప్పు మొదలైంది. కొబ్బరికాయ జోడీ కోసం సమ్మన్న లంగోటీ కట్టుకొని చెయ్యి పైకెత్తి బరి చుట్టూ తిరిగాడు. పడదలచుకున్నవాడు ఆ చెయ్యి తాకాలి. ఒక చుట్టు తిరిగాడు. ఎవరూ తాకలేదు. కుర్రవాళ్లను తండ్రులు భుజం పట్టి కూర్చోబెట్టారు. గెలిస్తే పేరు రాదు, ఓడితే ఉన్న పేరు పోతుంది. రెండో చుట్టు. "పైల్వాన్, టెంకాయ గట్లనే ఇస్తరు, తీస్కపో!" అని ఎవరో అరిచారు. నవ్వులు. మూడో చుట్టుకు సమ్మన్న కుంటడం మొదలుపెట్టాడు. ఎత్తిన చెయ్యి మాత్రం దించలేదు.

అంబిక తల తిప్పుకోబోతుండగా ఒకడు లేచి వచ్చి ఆ చెయ్యి తాకాడు. హీరాలాల్. దెగ్లూర్ వైపు నుంచి లారీలో కడెం కుస్తీ కోసమే వచ్చిన పైల్వాన్, ఇరవై ఐదేళ్లవాడు. జనం గప్‌చుప్ అయ్యారు.

ఇద్దరూ మట్టి చల్లుకొని మెడలు పట్టుకున్నారు. కుడిచెవికి కుడిచెవి ఆనింది. ఆనగానే హీరాలాల్ కొయ్యబారిపోయాడు. అతని పెదాలు కదిలాయి. సమ్మన్న పెదాలు కదిలాయి. చెవులు నలిగేలా తలలు ఒకదానికొకటి నొక్కుకొని ఇద్దరూ అట్లాగే ఉండిపోయారు. జనం ఈలలేశారు. ఉన్నట్టుండి హీరాలాల్ నడుం పట్టి లేపి సమ్మన్నను వెల్లకిలా వేశాడు. అంత శుభ్రంగా, అంత వేగంగా ఆయన్ను ఎవరూ ఎన్నడూ వేయలేదు.

ఆ కొబ్బరికాయను హీరాలాల్ అక్కడే ఒక పిల్లవాడికిచ్చేశాడు. సాయంత్రం కడెం కూడా గెలిచాడు. గెలిచి, తలను ఒక పక్కకు వంచి, స్నానంలో చెవిలో నీళ్లు పోయినవాడిలా దులుపుకుంటూ గట్టు మీద కూర్చున్న తండ్రీకూతుళ్ల దగ్గరికి వచ్చాడు. కుడిచెవి ఎర్రగా ఉబ్బి మూసుకుపోయి ఉంది.

"కాకా, నా చెవిల ఇంకా ఒర్రుతున్నరు," అన్నాడు మరాఠీ యాసలో. తర్వాత అంబిక వైపు తిరిగాడు. "పట్టు పట్టినప్పుడు ఎవరో బాయి, ఆడమనిషి గొంతు ఇనబడె. ఎవరని కాకాను అడిగితె, 'నా పెండ్లాం, ఏమంటుంది?' అన్నడు. ఇడువకు అంటుందని చెప్పిన." ఆ మాట తప్పు ఒప్పుకున్నట్టు చెప్పాడు. "గట్ల చెప్తుంటె నేను ఎట్ల ఇడుస్త?"

అంబిక గబుక్కున నాయిన కుడిచెవికి చెవి పెట్టింది. ఖాళీ. మనిషి చెవి, అంతే.

సమ్మన్న లేచి నిలబడ్డాడు. హీరాలాల్ అడగకుండానే వంగాడు. సమ్మన్న తన ఎడమచెవిని, ఎన్నడూ నలగని మంచి చెవిని, అతని చెవికి ఆనించాడు. జనం పలుచబడుతున్నారు. లారీ డ్రైవర్ హారన్ కొట్టాడు, ఇంకోసారి కొట్టాడు. సమ్మన్న కదల్లేదు. ఆయన గడ్డం మీది మట్టి అక్కడక్కడ తడిసి నల్లబడింది.

"లారీ టైరు మీద ఉండె అన్నరు గదా," అన్నాడు చివరికి. "పక్కన నిలబడి ఒర్రినట్టే ఉంది బిడ్డ. రా, నువ్వు గూడ ఇను. బండి పోతుంది."

అంబిక ఒక అడుగు వేసింది. అప్పటికే ఆయన మళ్లీ చెవి ఆనించాడు, తను పిలిచిన సంగతి మరిచిపోయి.

"నేను రోజూ ఇన్న నాయినా," అంది. "నువ్వే ఇను."

లారీ కదిలేదాకా ఆయన విన్నాడు.

వారం తిరక్కుండానే గోవర్ధన్ సంగతి ఊరంతా చెప్పాడు. ఓడి ఓడి ఉన్నది కూడా పోగొట్టుకున్నాడని, ఇగ మద్నూర్ గెలుపు ఎవడు నమ్ముతాడని. కటింగ్ చేస్తూ ఆ మాట సమ్మన్నతోనే అన్నాడు. వంగి చూస్తే ఆయన కుర్చీలో నిద్రపోతున్నాడు. తర్వాతి నెల కుస్తీల డప్పు వీధిలోంచే పోయింది, ఆయన గడప మీద నుంచి తల కూడా ఎత్తలేదు.

అంబిక మాత్రం పొద్దున ఏడింటికి అలవాటు కొద్దీ వంగి చెవి పెడుతుంది. లోపల ఏమీ ఉండదు. సమ్మన్నకు ఆ సంగతి తెలుసు. అయినా కూతురు లేచేదాకా తల కదపకుండా, ఊపిరి మెల్లగా తీసుకుంటూ కూర్చుంటాడు. ఎప్పుడు లేవాలో చెప్పే గొంతు లేదు. టీ పొంగిపోతుంది.

స్టవ్ తుడిచి, మళ్లీ గిన్నె పెట్టి, ఆఫీసుకు ఆలస్యమైందని ఎవరినో ఒకరిని తిట్టుకుంటూ అంబిక జడ వేసుకుంటుంది.