ఏడు రోజుల తోడు

ఒంగోలులో అమ్మ పోయిందని కబురొచ్చేసరికి విజయశ్రీ వీసా కాగితాలు ఇంకా తేలలేదు. అమెరికా దాటి వెళితే తిరిగి రావడం కష్టం. అక్కడి నోవై అనే ఊళ్ళో ఒంటరిగా ఉంటున్న ఆమె అమ్మ ఆఖరి చూపు ఫోన్‌లోనే చూసుకుంది.

మర్నాడు పక్కింటి మిరియమ్ మంచులో నడుచుకుంటూ గిన్నెతో వచ్చింది. డెబ్బై దాటిన యూదు ఆవిడ. పలకరించలేదు, ఓదార్చలేదు, ఊరికే పక్కన కూర్చుంది. అరగంట గడిచాక విజయశ్రీయే నోరు విప్పింది.

“పోయినేడు రమ్మని ఎంతో బతిమాలింది. ప్రాజెక్ట్ ఉందని నేనే టికెట్ క్యాన్సిల్ చేశాను. మీరేమీ అనరేం?”

“మాలో చావు జరిగిన ఇంట్లో ఏడు రోజులు షివా అని కూర్చుంటాం. దుఃఖంలో ఉన్నవాళ్ళు మాట్లాడేదాకా వచ్చినవాళ్ళు మాట్లాడకూడదు. అది మా తాతముత్తాతల నాటి ఆచారం,” అంది మిరియమ్.

గిన్నెలో మసూర్ గింజల సూప్ ఉంది. “మిగతా గింజలకుండే చీలిక లేదు కాబట్టి దీనికి నోరుండదంటారు. దుఃఖానికీ అంతే కదా! అందుకే ఇది వండుతాం.”

అప్పటిదాకా మంచినీళ్ళైనా ముట్టని విజయశ్రీ గిన్నె ఖాళీ చేసింది.

మిరియమ్ రోజూ వచ్చి అమ్మ కబుర్లు చెప్పించుకుని వింది. ఏడోనాడు పొద్దున్నే కోటు అందించింది.

“లే. ఈరోజుతో షివా ముగుస్తుంది. వీధి చుట్టూ ఒకసారి నడిచి మళ్ళీ మనుషుల్లో పడాలి.”

జారకుండా ఒకరి చేయి ఒకరు పట్టుకుని నడిచారు. మలుపు దగ్గర విజయశ్రీ ఆగి ఆవిడ రెండు చేతులూ కళ్ళకద్దుకుంది.