అరువు మెమరీ

"వదినా, ఫైనల్‌కి వచ్చేశాం!"

మరిది రక్తం కారుతున్న పెదవితోనే పరుగెత్తుకొచ్చి ఆమెను అమాంతం ఎత్తి గిరగిరా తిప్పేశాడు. ఆమె కొత్త చొక్కా భుజం మీద ఎర్రటి మరక పడింది. కాపురానికి వచ్చి నెలైనా కాలేదేమో, ఆమెకు ఆ మరకా ముద్దుగానే కనిపించింది.

"దింపరా, అది నా పెళ్లాం," అన్నాడు వాడికి బాక్సింగ్ నేర్పే అన్న.

జడ్జీలు నొక్కే పాయింట్లు బోర్డు మీదికీ, జనం ఫోన్లలోకీ వెళ్లేలా చూడటం ఆమె పని. అందుకు ఒక సర్వర్ అద్దెకు తీసుకుంది. ఒకే పెద్ద యంత్రాన్ని చాలామంది వాటాలుగా వాడుకుంటారు. ఒక రకం వాటాలో మెమరీ అంతా మనదే. రెండో రకంలో మనదనేది కొంచెమే. పక్కవాళ్లు వాడనప్పుడు మిగిలింది అరువు. అరువుతో కలిపి చూపిన పెద్ద అంకెకు మురిసిపోయి ఆమె రెండోదే తీసుకుంది. ఖాళీ హాల్లో పరీక్షిస్తే గుర్రంలా పరుగెత్తింది మరి!

ఫైనల్ చివరి రౌండ్. ప్రత్యర్థి గుద్దుకు మరిది పక్కటెముకలు కదిలిపోయాయి. వాడు తిరిగి దవడ మీద ఒక్కటిచ్చాడు. ఎదుటివాడి నోటి కవచం ఎగిరి పడింది. స్కోరు చూడటానికి హాలంతా ఫోన్లు తీసింది, ఆమె ప్రోగ్రామ్ మెమరీ మింగుతూ ఉబ్బిపోయింది. సరిగ్గా అప్పుడే పక్క వాటాదారులు తమ మెమరీ అడిగారు. యంత్రం అన్నిటికంటే బలిసిన ప్రోగ్రామ్ మెడ విరిచేసింది. అది ఆమెదే. మెమరీలో మాత్రమే ఉన్న పాయింట్లు దాంతోపాటే పోయాయి. బోర్డు నల్లబడింది.

"మోసం!"

కుర్చీ ఒకటి గాల్లోకి లేచింది. ప్రత్యర్థి మేనమామ ఆమె భర్త కాలర్ పట్టుకుని తలతో గుద్దాడు. ముక్కు ఫట్‌మంది. భర్త అతన్ని తాళ్ల మీదికి విసిరేశాడు. గ్లోవ్స్‌తోనే మరిది గుంపులోకి దూకాడు.

"ఆపండి! తప్పు నాది!" ఆమె మైకులో అరిచింది. "పాయింట్లు నా సర్వర్‌లో పోయాయి. ఎవరూ మోసం చేయలేదు."

గొడవ సద్దుమణిగాక, డాక్టర్ సరేనంటే రేపు సాయంత్రం మళ్లీ ఆడిస్తామన్నాడు రిఫరీ.

"వాడు అన్ని రౌండ్లు కొట్టీ నన్ను పడగొట్టలేకపోయాడు," అన్నాడు మరిది మూలుగుతూ. "నువ్వు ఒక్క దెబ్బకే పడేశావు వదినా!"

ఏడుపూ నవ్వూ కలగలిసి వచ్చాయి ఆమెకు. భర్త ముక్కు మీద ఐసు పెట్టింది.

"వంకరపోతే వదిలేస్తావా?"

"కళ్లద్దాలు నిలవకపోవచ్చు, మొగుడు నిలుస్తాడులే." అతని వేళ్లు తన వేళ్లను పట్టుకోవడం ఆమెకు తెలిసింది. "అరువు సొమ్ము బరువు చేటని ఊరికే అనలేదు. రేపు పొద్దున్నే మొత్తం మెమరీ మనదే అయ్యే ప్లాన్‌కి మారుస్తా. ప్రతి పాయింటూ, ప్రోగ్రామ్ ఆగినా చెరగని డిస్కులోకీ రాయిస్తా. ఆటకు ముందే మీరిద్దరూ తెలిసినవాళ్లందరినీ ఫోన్లతో పట్టుకురండి. ఈసారి నిండు హాల్లోనే పరీక్ష!"